సొరచేప మీద స్ప్రే కొట్టే హీరో: 1966 నాటి బ్యాట్‌మ్యాన్ సినిమా ఇంకా ఎందుకు నచ్చుతుంది

హెలికాప్టర్ నుంచి వేలాడే తాడు నిచ్చెన చివర ఒక మనిషి ఉంటాడు. బూడిదరంగు బిగుతు దుస్తులు, నీలం ముసుగు, భుజాల మీద నీలం కేప్. నిచ్చెన సముద్రంలో మునిగి పైకి లేచేసరికి అతని కాలిని ఒక సొరచేప పట్టుకుని ఉంటుంది. అది రబ్బరు బొమ్మ అని చూడగానే తెలిసిపోతుంది. పిడికిలితో నాలుగు గుద్దులు గుద్దినా వదలదు. అప్పుడతను పైనున్న కుర్రాడికి కేకేసి, సొరచేపల్ని తరిమే స్ప్రే అందించమంటాడు. ఆ గొంతులో తొందర ఉంటుంది గానీ ఆశ్చర్యం మాత్రం ఉండదు. సముద్రం మీదికి వెళ్ళినప్పుడు సొరచేప పట్టుకోవడం, దానికి తగిన స్ప్రే దగ్గర ఉండడం రోజూ జరిగేదే అన్నట్టు అడుగుతాడు.

హెలికాప్టర్‌లో నాలుగు డబ్బాలు వరసగా ఉంటాయి. సొరచేపలకి ఒకటి, తిమింగలాలకి ఒకటి, మాంటా రే చేపలకి ఒకటి, బారకూడాలకి ఒకటి. అన్నిటి మీదా లేబుళ్ళు. కుర్రాడు సరైనది ఎంచుకుని, నిచ్చెనకి కాళ్ళు మెలేసి తలకిందులుగా వేలాడుతూ అందిస్తాడు. స్ప్రే తగలగానే సొరచేప కాలు వదిలేసి నీళ్ళలో పడి, బాంబులా పేలిపోతుంది.

సినిమా మొదలైన కాసేపటికే వచ్చే ఈ సీను దగ్గర ప్రేక్షకుడు అటో ఇటో తేల్చుకోవాలి. 'ఇదేం పిచ్చి సినిమా' అని లేచిపోవచ్చు. లేదా ఆ నాలుగు డబ్బాల లోకంలో అడుగుపెట్టి చివరిదాకా నవ్వుతూ కూర్చోవచ్చు. 1966లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ విడుదల చేసిన ఈ బ్యాట్‌మ్యాన్ సినిమాని అరవై ఏళ్ళ తర్వాత కూడా జనం వెతుక్కుని మరీ చూస్తున్నారంటే, రెండో దారి పట్టినవాళ్ళు తక్కువేం కాదు.

ఇలాంటి సినిమాలకి ఇంగ్లిష్‌లో 'క్యాంప్' అనే మాట వాడతారు. గుడారాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. తెలుగులో దీనికి సరిగ్గా అతికే పదం దొరకదు. 'ఓవరాక్షన్' దగ్గరికొస్తుంది గానీ అది తిట్టు. క్యాంప్ అంటే ఆ ఓవరాక్షన్‌ని ఇష్టపడి చూడడం: అతిని అతి అని గుర్తిస్తూనే అందులోని ఆనందాన్ని వదులుకోకపోవడం. అమెరికన్ రచయిత్రి సూజన్ సాంటాగ్ 1964లో ఈ అభిరుచి మీద ఒక వ్యాసం రాసి, క్యాంప్‌లో రెండు రకాలున్నాయంది. ఒకటి తెలియక జరిగేది. గొప్ప కళ సృష్టిస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మినవాడి పని బెడిసికొట్టి నవ్వు పుట్టిస్తుంది. రెండోది తెలిసి చేసేది. మొదటిదే అసలైనదనీ, తెలిసి చేసేదాంట్లో సాధారణంగా ఆ తృప్తి ఉండదనీ ఆమె మాట. నిజానికి తెలిసి చేసినవాటిలో చాలా భాగం తేలిపోతాయి కూడా. ఈ సినిమా మాత్రం ఒళ్ళెరిగి, లెక్కవేసి చేసిన క్యాంప్ అయ్యుండీ నిలబడింది. అందుకే ఇది ఎలా పనిచేసిందో చూడ్డం ఆసక్తిగా ఉంటుంది.

దీని వెనకున్న లెక్క నిర్మాత విలియం డోజియర్‌ది. ఏబీసీ టీవీ బ్యాట్‌మ్యాన్ సీరియల్ తీయమన్నప్పుడు ఆయనకి కామిక్స్‌తో పరిచయమే లేదు. చదివి చూస్తే పెద్దవాళ్ళు కూర్చుని చూసే సరుకు కాదనిపించింది. అప్పుడు తట్టిన ఉపాయం ఏమిటంటే, కామిక్స్‌లో ఉన్నది ఉన్నట్టు, ఇంకా చెప్పాలంటే ఉన్నదానికన్నా గంభీరంగా తీయడం. పిల్లలకి అది సాహసం, పెద్దలకి హాస్యం. ఆ స్వరాన్ని స్క్రిప్టులోకి తెచ్చినవాడు లొరెంజో సెంపుల్ జూనియర్. తర్వాతి దశాబ్దంలో ఇదే మనిషి రాజకీయ కుట్రల థ్రిల్లర్లకి స్క్రీన్‌ప్లేలు రాశాడు. సీరియల్ 1966 జనవరి 12న మొదలై దేశాన్ని ఊపేసింది. మొదటి, రెండో సీజన్ల మధ్య దొరికిన విరామంలో లెస్లీ మార్టిన్సన్ దర్శకత్వంలో ఈ సినిమా గబగబా తీసేశారు. జూలై 30న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. హాలీవుడ్‌ని వదిలి అక్కడికెందుకంటే, సినిమాలోని బ్యాట్‌బోటు తయారు చేసిన పడవల కంపెనీ ఆ ఊళ్ళోదే.

కాలం కూడా కలిసొచ్చింది. అమెరికాలో ప్రైమ్ టైమ్ కార్యక్రమాలు పూర్తిగా రంగుల్లోకి మారిపోతున్న సంవత్సరం అది. ఊదా, ఆకుపచ్చ, నారింజ, గులాబి రంగుల్ని తెర మీద ఒలకబోస్తే చాలు, జనం చూస్తారు. అటు ఆర్ట్ గ్యాలరీల్లో రాయ్ లిక్టెన్‌స్టైన్ లాంటి చిత్రకారులు కామిక్ బొమ్మల్నీ, వాటిలోని పేలుడు శబ్దాల అక్షరాల్నీ గోడంత కాన్వాసుల మీద వేసి మేధావుల్ని మెప్పిస్తున్నారు. కాబట్టి ఫైటింగ్ మధ్యలో 'పౌ', 'బిఫ్' అని రంగురంగుల అక్షరాలు తెర నిండా పడితే, పిల్లాడికి అది కామిక్ పుస్తకం, వాళ్ళ నాన్నకి పాప్ ఆర్ట్.

కాలం సంగతి అంతవరకే. ఆ ఏడాది రంగులమయంగా వచ్చిన సినిమాలు ఇంకా బోలెడున్నాయి, వాటిలో ఎన్నో ఎవరికీ గుర్తులేవు. దీన్ని నిలబెట్టింది ఒకే ఒక్క నియమం: తెర మీద ఎవరూ నవ్వకూడదు. విలన్లు నవ్వొచ్చు, అది వాళ్ళ వృత్తి. హీరోలు, పోలీసులు, అధికారులు మాత్రం జరిగేదంతా దేశ భద్రతకి సంబంధించిన వ్యవహారంలా చూడాలి. ఎవరైనా ఒక్కసారి ప్రేక్షకుడి వైపు తిరిగి కన్ను గీటితే మొత్తం కూలిపోతుంది.

ఈ నియమాన్ని మోసినవాడు బ్యాట్‌మ్యాన్ వేషం వేసిన ఆడమ్ వెస్ట్. ఆయన నటనని చాలాకాలం 'చెక్క మొహం' అని తీసిపారేశారు. జాగ్రత్తగా వింటే సంగతి వేరు. వాక్యం మధ్యలో, ఆగక్కర్లేని చోట ఆగుతాడు. ఏదో మహత్తర సత్యం తడుతున్నట్టు గొంతు తగ్గిస్తాడు. తర్వాత మిగతా మాటలన్నీ ఒక్క ఊపిరిలో దొర్లించేస్తాడు. చెప్పేది అర్థం లేనిదని నటుడికి తెలుసు, పాత్రకి తెలియదు. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి ఎడం చివరిదాకా అలాగే ఉంచడం మామూలు పనితనం కాదు. పక్కనే బర్ట్ వార్డ్, బ్యాట్‌మ్యాన్ కుర్ర సహాయకుడు రాబిన్‌గా అరచేతిలో పిడికిలి గుద్దుకుంటూ, ప్రతి ఆశ్చర్యానికీ ముందు 'హోలీ' (పవిత్ర) అనే ఇంగ్లిష్ మాట తగిలిస్తూ ఉడికిపోతుంటాడు. ఒకడు చల్లని నీళ్ళు, ఇంకొకడు మరిగే నీళ్ళు.

పొడుపు కథలు విప్పే సీను చూడాలి. పొడుపు కథల విలన్ రిడ్లర్ ఆకాశంలోకి క్షిపణి వదిలి పొగతో ప్రశ్నలు రాస్తాడు. పసుపు తోలుండి రాసేది ఏమిటి? బాల్‌పాయింట్ అరటిపండు అని జవాబు. ఎప్పుడూ హడావిడిగా ఉండే జనం ఎవరు? హడావిడికి ఇంగ్లిష్‌లో 'రషింగ్', కాబట్టి 'రష్యన్'లు. ఈ రెండూ కలిపితే? ఎవరో రష్యన్ అరటి తొక్క మీద కాలేసి జారిపడి మెడ విరగ్గొట్టుకోబోతున్నారని రాబిన్ తేలుస్తాడు. కరెక్ట్, దీనికి ఇంకో అర్థమే ఉండదని బ్యాట్‌మ్యాన్ ఒప్పుకుంటాడు. పోలీస్ కమిషనర్, చీఫ్ పక్కనే నిలబడి ఆ మేధస్సుకి నివ్వెరపోతుంటారు. పాత డిటెక్టివ్ కథల్లో బూట్ల మీది మట్టి చూసి హంతకుడి ఊరు పేరు చెప్పే పద్ధతికి ఇంతకన్నా ముద్దయిన వెక్కిరింత దొరకదు. ఆ వెక్కిరింతని గది మొత్తంలో ఒక్కరూ గమనించరు.

సినిమాలో అన్నిటికన్నా గొప్ప సీను బాంబుది. రేవు పక్కన సారాకొట్టులో బ్యాట్‌మ్యాన్‌కి బాంబు దొరుకుతుంది. కార్టూన్లలో గీసే రకం: నల్లటి గుండు, పైన వెలుగుతున్న వత్తి. దాన్ని రెండు చేతులతో తలపైకెత్తి బయటికి పరిగెత్తుతాడు. ఎక్కడో చోట విసిరేయాలి. ఒకవైపు వెళ్తే ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు ఎదురొస్తారు. ఇంకోవైపు బ్యాండు వాయించుకుంటూ ఒక బృందం. మరోవైపు తోపుడుబండిలో పసిపాపతో తల్లి. పోనీ నీళ్ళలోకి విసురుదామంటే పడవలో ప్రేమికుల జంట. వత్తి తరిగిపోతూనే ఉంటుంది. ఎవరూ లేని నీళ్ళు దొరికాయనుకునేసరికి అక్కడ బాతుపిల్లలు ఈదుతుంటాయి. అప్పుడాగి, కొన్ని రోజులంతే, ఒక బాంబుని వదిలించుకోవడం కూడా కుదరదని విసుక్కుంటాడు.

ఆ బాతుపిల్లల దగ్గరే సినిమా మనసు తెలుస్తుంది. వెటకారం మాత్రమే ఉద్దేశమైతే సన్యాసినుల దగ్గరో, పసిపాప దగ్గరో సీను ఆపేయొచ్చు. బాతుపిల్లల్ని కూడా చంపలేని హీరోని చూసి నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వులో అతను చులకన కాడు. పేలుడు తర్వాత, సారాకొట్టులోని తాగుబోతుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకని రాబిన్ అడుగుతాడు. తాగినా వాళ్ళూ మనుషులేనని జవాబు. ఈ బ్యాట్‌మ్యాన్ ఊరి హెడ్మాస్టరు లాంటివాడు. చట్టం ప్రకారం అధికారం పొందిన పోలీసు ప్రతినిధినని ప్రెస్ మీట్‌లో వివరిస్తాడు. ఎవరో మారుపేరుతో నేవీ నుంచి పాత జలాంతర్గామి కొనుక్కుపోయారని తెలిసినప్పుడు, పూర్తి చిరునామా కూడా ఇవ్వని మనిషికి జలాంతర్గామి ఎలా అమ్మారని అడ్మిరల్‌ని నిలదీస్తాడు. అతన్ని నిజంగా బాధపెట్టింది ఆ దరఖాస్తు అసంపూర్ణంగా ఉండడమే.

పేరడీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పేరడీ అసలు కథని నమ్మినవాణ్ణి వెర్రివాణ్ణి చేస్తుంది. ఏడేళ్ళ పిల్లాడు పేరడీ చూస్తే తన హీరోని ఎవరో ఆట పట్టిస్తున్నారని నొచ్చుకుంటాడు. ఈ సినిమాని అదే పిల్లాడు గోళ్ళు కొరుక్కుంటూ చూస్తాడు. సొరచేప వదులుతుందా, బాంబు ఎక్కడ పేలుతుంది, ఒకటే టెన్షన్. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూసి, ఇది కామెడీయా అని నోరెళ్ళబెడతాడు. చిన్నప్పుడు తను మోసపోలేదనీ, అప్పుడు చూసింది కూడా నిజంగా అందులో ఉందనీ గ్రహిస్తాడు. ఒకే మనిషికి రెండు వయసుల్లో రెండు సినిమాలుగా కనిపించేవి అరుదు.

విలన్ల వైపు వేరే పండగ. జోకర్, పెంగ్విన్, రిడ్లర్, క్యాట్‌వుమన్ నలుగురూ చేయి కలుపుతారు. వాళ్ళ స్థావరం కనిపించినప్పుడల్లా కెమెరాని వంకరగా పెడతారు. వాళ్ళు వంకర మనుషులు మరి! సీజర్ రొమేరో జోకర్ వేషం కోసం మీసం తీయనన్నాడు. మేకప్ వాళ్ళు చేసేదిలేక మీసం మీదే తెల్ల రంగు పూశారు. దగ్గరి షాట్లలో ఆ వెంట్రుకలు స్పష్టంగా కనిపిస్తాయి. వేరే సినిమాలో అయితే అది తప్పు. ఇక్కడ అదే ముచ్చట. ఫ్రాంక్ గోర్షిన్ రిడ్లర్‌గా ఒంట్లో కరెంటు పారుతున్నట్టు ఎగిరిపడతాడు. బర్జెస్ మెరిడిత్ పెంగ్విన్‌గా బాతులా అరుస్తూ, పొడవాటి సిగరెట్ హోల్డర్ నోట్లో పెట్టుకుని అందరి మీదా పెత్తనం చేస్తాడు. సీరియల్‌లో క్యాట్‌వుమన్ వేసిన జూలీ న్యూమార్ అందుబాటులో లేకపోవడంతో 1955 మిస్ అమెరికా లీ మెరివెదర్ ఆ వేషం కట్టింది.

మెరివెదర్ వల్ల సినిమాకి అనుకోని ఒక చిన్న గాయం కూడా దక్కింది. క్యాట్‌వుమన్ రష్యన్ పత్రికా విలేఖరి కిట్కాగా నటిస్తూ బ్రూస్ వేన్‌ని వలలో వేసుకుంటుంది. ముసుగు తీసిన బ్యాట్‌మ్యానే ఈ బ్రూస్ అని ఆమెకి తెలియదు, ఆమె ఎవరో అతనికీ తెలియదు. చివర్లో జలాంతర్గామి మీద కొట్లాట ముగిశాక ఆమె తూలి పడితే ముసుగు ఊడిపోతుంది. బ్యాట్‌మ్యాన్ చూస్తాడు. అక్షరాలూ చప్పుళ్ళూ అన్నీ ఆగిపోయి, వెనక ప్రేమ సంగీతం. ముసుగు కింద కనిపించే కాస్త మొహంలోనే వెస్ట్ ఆ దెబ్బ చూపిస్తాడు. ఒక్క క్షణం. తర్వాత మళ్ళీ డ్యూటీ. ఆ క్షణాన్ని కూడా నవ్వుకోసం వాడుకోవచ్చు, వాడుకున్నారు కూడా. అయినా ఎక్కడో చిన్నగా గుచ్చుకుంటుంది. అంతసేపూ ఎవరూ నవ్వకుండా ఉన్నందుకే అది సాధ్యమైంది.

డబ్బు తక్కువ కావడం కూడా ఈ సినిమాకి అందమే తెచ్చింది. సముద్రం మీద తేలే ఇనుప బోయాకి అయస్కాంత శక్తితో అతుక్కుపోయిన ఇద్దరి మీదికి టార్పెడోలు దూసుకొస్తాయి. కొన్నిటిని పరికరంతో దారి మళ్ళిస్తారు, ఇంతలో బ్యాటరీ అయిపోతుంది. ఇక చావే అనుకునేలోపు సీను మారిపోతుంది. బ్యాట్‌బోటులో వెళ్తూ ఇద్దరూ మాట్లాడుకుంటారు: డాల్ఫిన్ లాంటి ఒక పోర్పస్ అడ్డొచ్చి ప్రాణత్యాగం చేసిందట. ఆ త్యాగం తెర మీద ఎక్కడా కనబడదు, రెండు ముక్కల్లో సంతాపం మాత్రం వినబడుతుంది. ఇంకోచోట హెలికాప్టర్ కూలిపోతుంటే, అది సరిగ్గా ఫోమ్ రబ్బరు టోకు వర్తకుల సభ దగ్గర, గుట్టగా పోసిన రబ్బరు మీద పడుతుంది. రాసినవాళ్ళు చేతులెత్తేశారని కాదు, చేతులెత్తేయడాన్నే జోకుగా మార్చారు. కష్టం వచ్చినంత సులభంగా పోయే లోకంలో గంటా ముప్పావు గడపడం ఎవరికైనా హాయే.

దుస్తుల సంగతి కూడా ఇలాంటిదే. కాగితం మీద బిగుతు దుస్తుల వీరుడు గంభీరంగా ఉంటాడు, ఎందుకంటే బొమ్మకి ముడతలుండవు. మనిషికి తొడిగితే నడుం దగ్గర, మోకాళ్ళ దగ్గర బట్ట ముడుచుకుంటుంది. ఈ ఇబ్బంది తప్పించుకోడానికి 1989 నాటి బ్యాట్‌మ్యాన్‌కి కండలు తీర్చిన నల్ల రబ్బరు సూటు తొడిగారు, ఆ తర్వాత అది కవచమైంది. 1966లో ముడతల్ని దాచలేదు. పట్టపగలు, ఎర్రటి ఎండలో, గబ్బిలం వేషంలో ఒక మనిషి వీధిలో పరిగెత్తితే ఎలా ఉంటుందో అలాగే చూపించారు. నిజం చెప్పాలంటే వాస్తవికత అనాల్సింది దీన్నే.

కామిక్స్ వీరాభిమానులకి మాత్రం ఈ బ్యాట్‌మ్యాన్ చాలాకాలం కంట్లో నలుసు. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన చీకటి వీరుణ్ణి కోతిని చేశారని వాళ్ళ బాధ. అందులో న్యాయం లేకపోలేదు. తర్వాత దశాబ్దాల పాటు కామిక్స్ గురించి పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా, ఎంత లోతైన పుస్తకం గురించైనా, శీర్షికలో 'బామ్, పౌ' తప్పేవి కావు. 1970 నుంచి డెన్నిస్ ఓనీల్, నీల్ ఆడమ్స్, 1986లో ఫ్రాంక్ మిల్లర్ బ్యాట్‌మ్యాన్‌ని మళ్ళీ చీకట్లోకి నడిపించారు. ఆ నడక అక్కడితో ఆగలేదు. సినిమా సినిమాకీ వాన పెరిగింది, వెలుతురు తగ్గింది, హీరో గొంతు బొంగురుపోయింది. చివరికి తమాషా ఏం జరిగిందంటే, అందరూ నల్లగా మారాక నీలం కేపువాడే కొత్తగా కనిపించడం మొదలుపెట్టాడు.

1997లో 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' సినిమాతో అదే రంగుల ధోరణిని భారీ ఖర్చుతో తిరిగి తెచ్చే ప్రయత్నం జరిగింది. విమర్శకులు చీల్చి చెండాడారు. అక్కడ డబ్బుంది, సెట్లున్నాయి, అయితే ప్రతి డైలాగూ తన జోకుని తనే మెచ్చుకుంటున్నట్టు ఉంటుంది. కన్ను గీటడం అంటే అదే.

పాత సినిమా జనంలో బతికి ఉండడానికి ఒక కోర్టు గుమాస్తా తరహా కారణం కూడా ఉంది. సీరియల్ తీసింది ఫాక్స్, పాత్రల హక్కులున్నది వార్నర్ సంస్థకి. ఆ చిక్కుముడి వల్ల 120 ఎపిసోడ్ల సీరియల్ 2014 దాకా డిస్కుల మీద రాలేదు. సినిమా మాత్రం 2001లోనే డీవీడీగా వచ్చేసింది. కాబట్టి అంతకాలం ఇంట్లో ఆ లోకాన్ని కొని పెట్టుకోవాలంటే ఈ గంటా ముప్పావే దిక్కు. ఒక తరానికి ఆడమ్ వెస్ట్ అంటే సొరచేప, బాంబు, బాతుపిల్లలే. 2017 జూన్‌లో ఆయన చనిపోయినప్పుడు లాస్ ఏంజెలెస్ నగరం తన సిటీ హాల్ గోడ మీద గబ్బిలం గుర్తు వెలిగించింది.

ఇక ముగింపు. విలన్లు ప్రపంచ భద్రతా మండలి సభ్యుల్ని యంత్రంతో ఆరబెట్టి తలా ఒక రంగు పొడిగా మార్చేస్తారు. ఆ పొళ్ళన్నీ కలగలిసిపోతే బ్యాట్‌మ్యాన్, రాబిన్ గుహలో కూర్చుని ఓపిగ్గా వేరు చేస్తారు. యావత్ ప్రపంచం చూస్తుండగా నీళ్ళు పోస్తే సభ్యులు మళ్ళీ మనుషులవుతారు, ఎప్పటిలాగే బల్ల గుద్ది పోట్లాట మొదలుపెడతారు. ఒక్కటే తేడా, ఒకరి భాష ఇంకొకరి నోట్లోంచి వస్తుంటుంది. వాళ్ళెవరూ అది గమనించరు. బ్యాట్‌మ్యాన్ ఒక్క క్షణం ఆలోచించి, ఈ కలగాపులగం వల్ల మానవజాతికి మేలే జరుగుతుందేమోనంటాడు. ఇక ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోదాం పద అని రాబిన్‌తో చెప్పి, కిటికీ తెరిచి, నీలం కేపుతో ఒకడూ పసుపు కేపుతో ఇంకొకడూ పట్టపగలు తాడు పట్టుకుని గోడ మీదుగా కిందికి దిగుతారు.